కాలం చెల్లిన సర్వర్‌లో డాస్ లోపాలు ఉన్నాయేమో పరిశీలించడం ఎలా?

విశాఖపట్నంలో చిన్న, మధ్యతరహా సంస్థల సర్వర్లు చూసుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఆడిటర్ స్కాన్ చేసి ఇచ్చిన నివేదికలో ‘డినయల్ ఆఫ్ సర్వీస్’ (డాస్) అన్న మాటతో పేజీలకు పేజీలు వరుసలు కనిపిస్తున్నాయి. సర్వరేమో సెంటాస్ 6 అనే లినక్స్ మీదనో, విండోస్ సర్వర్ 2008 ఆర్2 మీదనో నడుస్తోంది. దాన్ని ఇప్పటికిప్పుడు మార్చే వీలు లేదు. ఏం చేయాలి? పరవాడ ఫార్మా సిటీలోని ప్రయోగశాలలో పరికరానికి జోడించిన సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీదే ధ్రువీకరణ పొంది ఉంటుంది. ఓడరేవు చుట్టుపక్కల ఉన్న క్లియరింగ్ ఏజెన్సీలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిపెట్టిన మనిషి ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటాడు. కారణం ఏదైనా, ఆ సర్వర్ రేపు ఉదయం కూడా పనిచేయాలి.

అటువంటి సర్వర్ బాధ్యత మీ మీద ఉంటే ఈ మార్గదర్శిని మీ కోసమే. డాస్ లోపం అంటే సమాచారం దొంగిలించకుండానే సర్వర్‌ను గానీ, దాని మీది ఒక సేవను గానీ నిలిచిపోయేలా చేయగల బలహీనత. దాడి చేసి చూడడం ద్వారా ఈ లోపాన్ని నిర్ధారించకూడదు, అలా చేయవలసిన అవసరమూ దాదాపు ఎప్పుడూ రాదు. నివేదికలోని ప్రతి వరుసకు మూడు ప్రశ్నలు వేయండి. ఈ లోపం నా సర్వర్‌కు వర్తిస్తుందా? వర్తిస్తే, దాన్ని ఎవరు ఎక్కడి నుంచి చేరగలరు? చేరితే ఏది ఆగిపోతుంది? ఈ క్రమం మారకూడదు. మూడో ప్రశ్నతో మొదలుపెట్టినవారు భయంతో అక్కరలేని మార్పులు చేసి, తామే సర్వర్‌ను నిలిపివేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

యజమాని రాతపూర్వక అనుమతి: ఏ సర్వర్, ఏ ఐపీ చిరునామా, ఏ తేదీ, ఏ వేళ, ఏ పరీక్షలు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఒక కంప్యూటర్ పనికి అంతరాయం కలిగించడం, హక్కు ఉన్నవారికి అది అందకుండా చేయడం కూడా ఉల్లంఘనలే. అదే పనిని మోసపూరిత ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు ఆ సంస్థ ఉద్యోగే అయినా కాగితం తీసుకోండి. సర్వర్ అద్దె క్లౌడ్‌లో ఉంటే, వారి నిబంధనల్లో పరీక్షల గురించి ఏముందో కూడా చదవండి.

కన్సోల్ అందుబాటు: నెట్‌వర్క్ పోయినా సర్వర్ ముందు కూర్చొని లాగిన్ కాగలగాలి. మానిటర్, కీబోర్డు దగ్గర పెట్టుకోండి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నిజంగా పనిచేస్తోందో ముందే చూసుకోండి.

తిరిగి తెరిచి చూసిన బ్యాకప్: తీసిన బ్యాకప్ చాలదు. దాన్ని వేరే యంత్రం మీద పునరుద్ధరించి, అప్లికేషన్ తెరుచుకుంటోందని చూసిన తర్వాతే దాన్ని బ్యాకప్‌గా లెక్కించండి.

సర్వర్ నకలు: ఆ బ్యాకప్‌తోనే ఒక వర్చువల్ యంత్రాన్ని సిద్ధం చేసి, కార్యాలయ నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ సంబంధం లేని చోట ఉంచండి. అసలు సర్వర్ మీద చేయకూడని పనులన్నీ దీని మీద చేస్తారు.

వీటితో పాటు ఒక నోటుపుస్తకం ఉండాలి. చేసిన ప్రతి పనికీ సమయం వేసి రాయండి. సర్వర్ గడియారం సరిగా లేకపోతే లాగ్‌లలోని సమయం మీ పుస్తకంలోని సమయంతో కలవదు కాబట్టి, మొదటి పనిగా ఆ తేడా ఎంతో రాసుకోండి.

1. నడుస్తున్నది ఏమిటో ఖచ్చితంగా తెలుసుకోండి

లినక్స్‌లో ‘యూనేమ్’ ఆదేశానికి ‘ఆర్’ ఐచ్ఛికం ఇస్తే ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) వెర్షన్ వస్తుంది. తర్వాత ‘ఆర్‌పీఎం’ ఆదేశంతో, ఇన్‌స్టాల్ అయి ఉన్న కెర్నల్ ప్యాకేజీల జాబితా తీయండి. ఈ రెండూ వేరుగా ఉండడం ఎక్కువగా కనిపించే పొరపాటు. కొత్త కెర్నల్ డిస్కు మీదకు వచ్చి ఉంటుంది, కానీ సర్వర్‌ను రీబూట్ చేయకపోవడంతో పాత కెర్నలే నడుస్తూ ఉంటుంది. ప్యాకేజీల జాబితా మాత్రమే చూసినవారు అంతా బాగుందని రాసేస్తారు. రక్షణ మాత్రం ఇంకా రాలేదు.

విండోస్‌లో ‘సిస్టమ్‌ఇన్ఫో’ ఆదేశం వెర్షన్‌నూ, పడిన హాట్‌ఫిక్స్‌ల జాబితానూ చూపుతుంది. ఇక్కడ దీనికి ఎదురు పొరపాటు జరుగుతుంది. 2016 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ పాత విండోస్ వెర్షన్లకు కూడా నెలవారీ సంచిత రోలప్‌లు (ముందటి సవరణలను కూడా కలిపిన ప్యాకేజీలు) ఇవ్వడం మొదలుపెట్టింది. అందుచేత ఒక కేబీ సంఖ్య (మైక్రోసాఫ్ట్ సవరణకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) జాబితాలో కనిపించకపోయినా, తర్వాతి రోలప్ ద్వారా ఆ సవరణ చేరి ఉండవచ్చు. సందేహం ఉంటే కేబీ సంఖ్యను పక్కన పెట్టి, సవరించిన ఫైలు గుణగణాల్లోకి వెళ్లి, దాని వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ ప్రకటనలో ఇచ్చిన వెర్షన్‌తో పోల్చండి.

2. మద్దతు ఏ తేదీన ఆగిందో రాసుకోండి

విండోస్ సర్వర్ 2003కు 2015 జులై 14న, 2008కీ 2008 ఆర్2కీ 2020 జనవరి 14న, 2012కీ 2012 ఆర్2కీ 2023 అక్టోబరు 10న సాధారణ భద్రతా సవరణలు ఆగిపోయాయి. 2012 శ్రేణికి డబ్బు చెల్లించి పొందే పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకు ఉంది. సెంటాస్ 6కు 2020 నవంబరు 30, సెంటాస్ 7కు 2024 జూన్ 30 చివరి తేదీలు. సెంటాస్ 8 మాత్రం వాటి మధ్యలోనే, 2021 డిసెంబరు 31న ముగిసింది.

ఈ తేదీ ఎందుకంత ముఖ్యమో ఐదో దశలో తెలుస్తుంది. నోటుపుస్తకంలో మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలతో రాయండి.

3. బయటికి తెరిచి ఉన్న పోర్టులను లెక్కించండి

లినక్స్‌లో ‘ఎస్‌ఎస్’ ఆదేశం, విండోస్‌లో ‘నెట్‌స్టాట్’ ఆదేశం ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టు (నెట్‌వర్క్ నుంచి ఒక సేవను చేరే, సంఖ్య ఉన్న ద్వారం) మీద ఎదురుచూస్తోందో చూపుతాయి. చిరునామా గడిలో 127.0.0.1 ఉంటే ఆ సేవ సర్వర్ లోపలికే పరిమితం. 0.0.0.0 ఉంటే ఏ దిక్కు నుంచి వచ్చినా వింటుంది. టీసీపీతో పాటు యూడీపీ పోర్టులనూ చూడడం మరవకండి. పాత సర్వర్ల మీద ఎవరూ వాడని ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసేది), డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చేది), మెమ్‌క్యాష్‌డీ (డేటాను మెమరీలో దాచేది) సేవలు యూడీపీ మీద తెరిచి ఉండి, మీ సర్వర్‌నే ఇతరుల మీద దాడికి పనిముట్టుగా మార్చగలవు. 4.2.7పీ26 కన్నా పాత ఎన్‌టీపీడీలో ఉన్న ‘మాన్‌లిస్ట్’ లోపం, సీవీఈ-2013-5211 (సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆ కోవలోనిదే.

తర్వాత ఇదే విషయాన్ని బయటి నుంచి చూడండి. కార్యాలయ వైఫై మీద కూర్చొని బయటి చిరునామాను స్కాన్ చేస్తే, చాలా రూటర్లు ఆ ట్రాఫిక్‌ను లోపలి నుంచే తిప్పి పంపుతాయి కాబట్టి ఫలితం తప్పుగా వస్తుంది. మొబైల్ డేటా మీద గానీ, పూర్తిగా వేరే కనెక్షన్ ఉన్న ఇంటి నుంచి గానీ చేయండి. లోపలి జాబితాలో ఉండి బయటి జాబితాలో లేని పోర్టుల ఎదురుగా ‘లోపలివారు మాత్రమే’ అని రాసుకోండి. రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

4. స్కానర్‌ను నడిపేటప్పుడు సురక్షిత పరీక్షలు మాత్రమే

మీరే స్కాన్ చేయవలసి వస్తే ఎన్‌మ్యాప్ అనే స్కానర్‌లోని వెర్షన్ గుర్తింపు సరిపోతుంది. అందులో ‘డాస్’ అన్న పేరుతో ఒక స్క్రిప్టుల వర్గం ఉంది. దాన్ని అసలు సర్వర్ మీద ఎన్నడూ నడపకూడదు. ‘వల్న్’ వర్గం మొత్తాన్ని ఒకేసారి నడపడం కూడా క్షేమం కాదు, పాత సేవలు ఆ పరీక్షల తాకిడికే పడిపోగలవు. నెస్సస్ అనే స్కానర్‌లో అయితే ‘సేఫ్ చెక్స్’ ఎంపిక పనిచేస్తూ ఉండాలి. ఆడిటర్ వచ్చి స్కాన్ చేస్తున్నా, ఈ ఎంపిక ఎలా ఉందో ముందే అడిగి, వారి జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.

సురక్షిత పరీక్షకు ఒక పరిమితి ఉంది. అది చాలావరకు సేవ చెప్పే వెర్షన్ సంఖ్యను చూసి ఊహిస్తుంది. నివేదికలోని వరుసలు అనుమానాలు మాత్రమే, నిర్ధారణలు కావు. నిర్ధారించే పని తర్వాతి దశలో ఉంది.

5. ఒక్కొక్క సీవీఈని విడిగా విచారించండి

ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది, పట్టాలి కూడా. ఉదాహరణకు సీవీఈ-2019-11477 తీసుకోండి. ‘సాక్ పానిక్’ పేరుతో 2019 జూన్‌లో బయటపడిన ఈ లోపం లినక్స్ కెర్నల్ టీసీపీ భాగంలో ఉంది. ప్రత్యేకంగా కూర్చిన ప్యాకెట్లు వస్తే కెర్నల్ మొత్తం కుప్పకూలుతుంది. 2.6.29 నుంచి వచ్చిన కెర్నళ్లకు ఇది వర్తిస్తుంది. సెంటాస్ 7 కెర్నల్ సంఖ్య 3.10.0తో మొదలవుతుంది కాబట్టి స్కానర్ దాన్ని ఎర్ర రంగులో చూపవచ్చు. కానీ సెంటాస్‌కు మూలమైన లినక్స్‌ను తయారుచేసే రెడ్ హ్యాట్ ఈ సవరణను తన పాత కెర్నల్‌లోకే వెనక్కి తెచ్చి 3.10.0-957.21.3లో ఇచ్చింది. 6వ శ్రేణికి 2.6.32-754.15.3లో ఇచ్చింది. అంటే ముందరి అంకెలు చూసి తీర్పు చెప్పకూడదు, గీత తర్వాత ఉన్న అంకెలే అసలు సంగతి చెబుతాయి.

దీన్ని మీ కళ్లతో చూసుకోవాలంటే ‘ఆర్‌పీఎం’కు ‘క్యూ’, ‘చేంజ్‌లాగ్’ ఐచ్ఛికాలు ఇచ్చి కెర్నల్ ప్యాకేజీ మార్పుల చిట్టాను తెరిపించి, దానిలో 11477 కోసం వెతకండి. ప్యాకేజీ పేరుకు తోడు మొదటి దశలో ‘యూనేమ్’ చెప్పిన పూర్తి వెర్షన్‌ను కూడా ఇవ్వండి. లేకపోతే డిస్కు మీదున్న అన్ని కెర్నళ్ల చిట్టాలూ కలిసి వచ్చి మోసపోతారు. ఆ సంఖ్య ఉన్న వరుస దొరికితే సవరణ ఉన్నట్టే. డెబియన్, ఉబుంటులలో ఇదే సమాచారం ప్యాకేజీ డాక్యుమెంట్ల డైరెక్టరీలో కుదించిన చేంజ్‌లాగ్ ఫైలుగా ఉంటుంది.

వర్తించని లోపాలను కూడా అంతే శ్రద్ధగా తీసివేయండి. 2023 అక్టోబరులో బయటపడిన ‘ర్యాపిడ్ రీసెట్’, సీవీఈ-2023-44487, హెచ్‌టీటీపీ/2 ప్రొటోకాల్‌కు సంబంధించినది. సెంటాస్ 7తో వచ్చే అపాచీ వెబ్ సర్వర్ 2.4.6లో హెచ్‌టీటీపీ/2 మాడ్యూలే లేదు, అది 2.4.17లో వచ్చింది. కాబట్టి ఆ అపాచీకి ఈ లోపం వర్తించదు. అదే సర్వర్ మీద ఎవరైనా విడిగా కొత్త ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ పెట్టి ఉంటే దాన్ని విడిగా చూడాలి.

విండోస్ వైపు తప్పక చూడవలసినవి రెండు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఎంఎస్15-034, అంటే సీవీఈ-2015-1635, హెచ్‌టీటీపీ డాట్ సిస్ డ్రైవర్‌లోని లోపం. మైక్రోసాఫ్ట్ దీన్ని కోడ్ నడిపించగల లోపంగా వర్గీకరించింది కాబట్టి డాస్ అన్న మాటతో వెతికితే జాబితాలో దొరకదు. ఆచరణలో మాత్రం సర్వర్‌ను నీలి తెరతో పడేయడానికి పనికొస్తుంది. ఇది 2008 ఆర్2, 2012, 2012 ఆర్2లకు వర్తిస్తుంది. సవరణ సంఖ్య కేబీ3042553. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ లేదని నిశ్చింతగా ఉండకండి, ఆ డ్రైవర్‌ను వాడుకునే ఇతర సేవలూ ఉన్నాయి. రెండోది 2012 మార్చి నాటి ఎంఎస్12-020. రిమోట్ డెస్క్‌టాప్‌లోని లోపాలకు సంబంధించిన ఈ ప్రకటనలో సీవీఈ-2012-0152 నేరుగా డాస్ లోపమే. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని మూయండి.

ఇప్పుడు రెండో దశలో రాసుకున్న తేదీ దగ్గరకు రండి. మద్దతు ఆగిన తర్వాత బయటపడిన లోపాల ప్రకటనల్లో మీ వెర్షన్ పేరు సాధారణంగా కనిపించదు. ‘జాబితాలో లేదు కాబట్టి ప్రభావం లేదు’ అని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో, ఈ పనిలో దీనికి మించిన ప్రమాదకరమైన పొరపాటు లేదు. ఎవరూ పరిశీలించలేదు కాబట్టే పేరు లేదు. విండోస్ సర్వర్ 2003కు మద్దతు 2015లోనే ఆగినా, 2017 మేలో వానాక్రై దాడి వేళ, 2019 మేలో ‘బ్లూకీప్’ లోపం బయటపడిన వేళ మైక్రోసాఫ్ట్ దానికి ప్రత్యేకంగా ప్యాచ్‌లు ఇవ్వవలసి వచ్చింది. అంటే లోపాలు అందులో అన్నాళ్లూ ఉన్నాయి. అందువల్ల చివరి తేదీ తర్వాతి లోపాల విషయంలో, అదే కోడ్‌ను పంచుకునే తర్వాతి వెర్షన్‌కు అది వర్తిస్తే మీదానికీ వర్తిస్తుందని భావించండి. మీ పట్టికలో ‘వర్తిస్తుంది’, ‘వర్తించదు’ అన్న గడులతో పాటు ‘పరిశీలించినవారు లేరు’ అన్న మూడో గడి తప్పక ఉండాలి.

6. సీవీఈ సంఖ్య లేని బలహీనతలను వెతకండి

పాత సర్వర్లు ఆగిపోవడానికి పేరున్న లోపాలకన్నా పాత అమరికలే ఎక్కువగా కారణమవుతాయి. ఏ స్కానరూ వీటిని సరిగా చూపదు. మీరే చూడాలి.

అపాచీ ప్రాసెస్‌ల పరిమితి: ‘పీఎస్’ ఆదేశంతో ఒక్కో అపాచీ ప్రాసెస్ ఎంత మెమరీ వాడుతోందో చూడండి. అది 60 ఎంబీ, సర్వర్ మెమరీ 4 జీబీ అనుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ 1.5 జీబీ వదిలితే మిగిలేది 2,560 ఎంబీ, అది 42 ప్రాసెస్‌లకు సరిపోతుంది. పాత కాన్ఫిగరేషన్‌లో ‘మ్యాక్స్ క్లయింట్స్’ 256 అని ఉంటే, అన్నీ నిండినప్పుడు 15 జీబీ కావాలి. ఈ సర్వర్‌ను పడగొట్టడానికి లోపం కూడా అక్కర్లేదు, ఒకేసారి కొన్ని వందల మంది పేజీ తెరిస్తే చాలు. ఆ సంఖ్యను 40కి తగ్గించండి. ఎర్రర్ లాగ్‌లో ‘మ్యాక్స్ క్లయింట్స్ పరిమితి చేరింది, పెంచడాన్ని పరిశీలించండి’ అన్న అర్థం వచ్చే సందేశం కనిపించగానే కళ్లుమూసుకొని పెంచేయడం ఇక్కడ జరిగే సాధారణ తప్పిదం.

నెమ్మది కనెక్షన్లు: అభ్యర్థనను కొద్దికొద్దిగా పంపుతూ కనెక్షన్‌ను పట్టి ఉంచే ‘స్లోలోరిస్’ పద్ధతి 2009 నుంచి అందరికీ తెలిసినదే. ‘టైమ్‌అవుట్’ విలువ 300 సెకన్లుగా ఉందేమో చూసి తగ్గించండి, ‘మాడ్ రెక్‌టైమ్‌అవుట్’ మాడ్యూల్ ఉంటే లోడ్ చేయండి.

కనెక్షన్ల పట్టిక: గాజువాక ఆటోనగర్‌లోని ఒక విడిభాగాల యూనిట్‌లో కొన్ని రోజులకొకసారి సర్వర్‌కు కొత్త కనెక్షన్లు అందేవి కావు. అప్పటికే తెరిచి ఉన్న తెరలు మాత్రం మామూలుగా పనిచేసేవి. అందరూ దాడి అనే అనుకున్నారు. మెసేజెస్ లాగ్ తెరిస్తే, కెర్నల్ వదిలిన ఒకే సందేశం సెకనుకు పలుమార్లు వరుసగా దిగుతోంది: ‘ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’. కెర్నల్ కనెక్షన్లను గుర్తుపెట్టుకునే ఆ పట్టిక పరిమితి 65,536. హాజరు నమోదు యంత్రాలు కనెక్షన్లు తెరిచి మూయకుండా వదిలేస్తుంటే, ఒక్కోదాన్ని కెర్నల్ 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు గుర్తుపెట్టుకుంటోంది. నిల్వ గడువును కొన్ని గంటలకు తగ్గించడంతో అది సర్దుకుంది. బయటివాడు కావాలని చేసినా సరిగ్గా ఇదే జరిగేది కాబట్టి, దాడి కాదని తేలినంత మాత్రాన దాన్ని లోపాల జాబితా నుంచి కొట్టివేయకండి. మీ సర్వర్‌లో ప్రస్తుత సంఖ్యనూ పరిమితినీ పక్కపక్కన రాయండి. మామూలు రోజున సగం దాటి ఉంటే ప్రమాదమే.

మిగిలినవి త్వరగా చూడవచ్చు. సగం తెరిచిన కనెక్షన్ల వరదను తట్టుకునే ‘టీసీపీ సిన్ కుకీస్’ విలువ 1 ఉండాలి. ముఖ్యమైన ప్రాసెస్‌కు తెరవగల ఫైళ్ల పరిమితి 1,024 దగ్గరే ఆగిపోయి ఉందేమో చూడండి. లాగ్‌లు, డేటాబేస్ ఒకే డిస్కు భాగంలో ఉంటే, లాగ్ నింపడం ద్వారా డేటాబేస్‌ను ఆపవచ్చు. డిస్కు ఖాళీతో పాటు ఐనోడ్‌ల (ఫైళ్ల నమోదు గడుల) ఖాళీనీ ‘డీఎఫ్’ ఆదేశంతో చూడండి. ‘కెర్నల్ పానిక్’ విలువ 0 ఉంటే, కెర్నల్ కూలినప్పుడు ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా సర్వర్ అలాగే ఉండిపోతుంది. విండోస్ 2003లో బయటికి వెళ్లే కనెక్షన్లకు వాడే పోర్టులు 1025 నుంచి 5000 వరకే ఉంటాయి. 2008 నుంచి 49152–65535. ఆ కొద్ది పోర్టులూ అయిపోతే సర్వర్ బతికే ఉన్నా ఎవరితోనూ మాట్లాడలేదు.

7. ఇప్పటికే ఆగిన సందర్భాలను తవ్వి తీయండి

లినక్స్‌లో ‘లాస్ట్’ ఆదేశం రీబూట్ల జాబితా ఇస్తుంది. ప్రతి రీబూట్‌కు ముందు ఐదు నిమిషాల లాగ్ చదవండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఒక ప్రాసెస్‌ను చంపిన సందేశం ఉంటే మెమరీ సమస్య. కాల్ ట్రేస్ (కూలే ముందు కెర్నల్ నడిపిన కోడ్ వరుస) ఉంటే కెర్నల్ సమస్య. ఏమీ లేకుండా లాగ్ చటుక్కున తెగిపోయి ఉంటే కరెంటు పోయి ఉండవచ్చు, కెర్నల్ ఒక్క మాటైనా రాయలేనంత వేగంగా కూలి ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీయడానికి యూపీఎస్ రికార్డును చూడండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను గాలులకు మన తీరంలో కరెంటు పోవడం మామూలే కాబట్టి, ప్రతి ఆకస్మిక ఆగుదలనూ దాడి ఖాతాలో వేయడం ఎంత తప్పో, అన్నింటినీ కరెంటు మీదికి నెట్టడమూ అంతే తప్పు.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఈ సంఖ్యలతో వడపోయండి: అనుకోకుండా ఆగిపోవడానికి 6008, నీలి తెరకు బగ్‌చెక్ మూలం నుంచి వచ్చే 1001, నాన్‌పేజ్‌డ్ పూల్ (కెర్నల్ వాడే మెమరీ) నిండడానికి 2019, పోర్టులు అయిపోవడానికి 4227, 4231. ఒకే సంఖ్య ఒకే వేళకు పదే పదే కనిపిస్తే, ఆ వేళకు నెట్‌వర్క్‌లో ఏం నడుస్తోందో చూడండి.

8. నిర్ధారణ అవసరమైతే నకలు మీదే

పరిమితులు ఎక్కడ తెగుతాయో చూడడానికి, విడిగా ఉంచిన నకలు మీద అపాచీబెంచ్ వంటి సాధనంతో భారాన్ని మెల్లగా పెంచండి. ఏకకాలంలో 5 అభ్యర్థనలతో మొదలుపెట్టి 10, 20, 40 అంటూ పోండి. మరో తెర మీద ‘వీఎమ్‌స్టాట్’ నడుస్తూ ఉండాలి. స్వాప్ (మెమరీ చాలక డిస్కును వాడడం) గడుల్లో అంకెలు ఆగకుండా కదలడం మొదలైన చోట ఆపి, ఆ సంఖ్య రాసుకోండి. ఆరో దశలో మీరు కట్టిన లెక్కకు అది దగ్గరగా లేకపోతే లెక్కలో ఏదో వదిలేశారన్నమాట.

ఇంటర్నెట్‌లో దొరికే దాడి కోడ్‌ను దింపుకొని నడపకండి, నకలు మీద కూడా వద్దు. అందులో ఏం దాగి ఉందో మీకు తెలియదు. ఐదో దశలోని చేంజ్‌లాగ్ సాక్ష్యం దానికన్నా నమ్మదగినది.

9. అడ్డుకట్టలు వేయండి

వరుస ముఖ్యం. ముందుగా అక్కరలేని సేవలు ఆపండి. తర్వాత, కావలసినవి ఎవరికి కావాలో వారికే అందేలా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయండి. శాఖా కార్యాలయం నుంచి వాడేవారు ఉంటే వీపీఎన్ ద్వారా రానివ్వండి. ఇంటర్నెట్‌కు తెరవక తప్పని వెబ్ సేవ ఉంటే, దాని ముందు మద్దతు ఉన్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎన్‌జిన్‌ఎక్స్ గానీ హెచ్‌ఏప్రాక్సీ గానీ మధ్యవర్తిగా పెట్టి, పాత సర్వర్ బయటివారికి నేరుగా కనిపించకుండా చేయండి. టీసీపీ కనెక్షన్ ఆ కొత్త యంత్రం దగ్గరే ముగుస్తుంది కాబట్టి, బయటి నుంచి వచ్చే సాక్ పానిక్ వంటి ప్యాకెట్లు పాత కెర్నల్‌ను చేరవు. పది వేర్వేరు అమరికలు మార్చడం కన్నా ఈ ఒక్క పని ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

వెంటనే ప్యాచ్ వేయలేని సాక్ పానిక్‌కు ‘టీసీపీ సాక్’ విలువను 0 చేయడం తాత్కాలిక మార్గం. ప్యాకెట్లు దారిలో పోయే కనెక్షన్ల మీద దీనివల్ల వేగం తగ్గుతుంది. కాబట్టి పెద్ద ఫైళ్లు పంపే సర్వర్‌పై ముందు కొలిచి చూడండి. సెంటాస్ 7లో ప్యాకేజీలు తెచ్చే ‘యమ్’ ఆదేశం పనిచేయడం లేదంటే మామూలు మిర్రర్లు ఆగిపోవడమే కారణం. పాత ప్యాకేజీలు ఉంచే వాల్ట్ భాండాగారం చిరునామా ఇస్తే చివరి వరకు వచ్చిన కెర్నల్ సవరణలు ఇప్పటికీ అందుతాయి. అవి కూడా వేయకుండా వదిలేసిన సర్వర్లు చాలా ఉన్నాయి.

10. ఫలితాన్ని సరిచూసుకోండి

మార్పులు చేసిన తర్వాత, అనుమతించిన వేళలో సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేయండి. ‘సిస్‌కంట్రోల్’తో మార్చిన కెర్నల్ విలువలు, ఫైర్‌వాల్ నియమాలు అప్పటికప్పుడు పనిచేసి, ఫైలులో భద్రపరచకపోవడంతో రీబూట్ తర్వాత మాయమవడం తరచుగా జరుగుతుంది. తిరిగి లేచాక ‘యూనేమ్’ వెర్షన్, ప్రతి అమరిక విలువ, తెరిచిన పోర్టుల జాబితా మళ్లీ తీసి మొదటి జాబితాతో గడి గడికీ పోల్చండి. బయటి స్కాన్‌ను మళ్లీ మొబైల్ డేటా మీదే చేయండి. అప్లికేషన్ వాడే ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి బిల్లు వేయించండి, ప్రింటు తీయించండి, నెలాఖరు నివేదిక తెరిపించండి. పోర్టు మూసినందువల్ల ప్రింటింగ్ ఆగిపోయిందని మర్నాడు ఉదయం తెలిస్తే, ఆ తొందరలో ఎవరో ఫైర్‌వాల్ మొత్తాన్ని తీసేస్తారు.

ఆడిటర్‌కు తిరిగి ఇచ్చే పట్టికలో ప్రతి సీవీఈకి ఎదురుగా నిర్ణయం, దానికి సాక్ష్యం, తేదీ ఉండాలి. ‘సవరించబడింది’ అని ఒక్క మాట రాస్తే వారు ఒప్పుకోరు. చేంజ్‌లాగ్‌లోని ఆ వరుసనో, ఫైలు వెర్షన్ కనిపించే తెర చిత్రాన్నో జత చేయండి.

పరిశీలనలో నిజంగానే డాస్ దాడి జరిగిన ఆనవాళ్లు కనబడితే, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లోగా వారికి తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలని కూడా అవే ఆదేశాలు చెబుతున్నాయి. పాత సర్వర్లలో లాగ్‌లు సాధారణంగా నాలుగు వారాలకే తిరగబడి చెరిగిపోతాయి కాబట్టి, ‘లాగ్‌రొటేట్’ అమరికను ఈ రోజే మార్చి, ఆ లాగ్‌లను వేరే యంత్రానికి కూడా పంపే ఏర్పాటు చేయండి.